పాత ఆటపలకలు – వాటి వెనుక చరిత్ర

ఉగాది సంచిక అనగానే పంచాంగ ఫలితాలు, పూర్వకవుల ప్రశంస, సంఘం వారి వార్షిక నివేదిక ఉండటం ఆనవాయితీ. వాటి నడుమ పులి–మేక ఆటకూ వామనగుంటలకూ నాలుగు పుటలు కావాలని మేము అడిగితే, మిత్రులు కొందరు నవ్వి, "అరుగుమీద గీసి ఆడే ఆటకు చరిత్ర ఏమిటండీ?" అన్నారు. రాజుల యుద్ధాలకు చరిత్ర ఉన్నప్పుడు, ఆ రాజులూ వారి రైతులూ తీరిక వేళల్లో ఆడుకున్న ఆటలకు చరిత్ర ఎందుకు ఉండదు? ఉన్నది. దానిని వ్రాసి పెట్టుకొనే గడువు మాత్రమే మనకు తక్కువగా ఉన్నది. ఈ రెండు సంగతులూ పాఠక మహాశయులకు మనవి చేయటమే మా ఉద్దేశం.

సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" రాజుల వంశవృక్షాలను ప్రక్కన పెట్టి, జనం తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆటలను చరిత్రగా నిలబెట్టింది. 1955లో ఆ గ్రంథానికి సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. అటువంటి పెద్దలు వేసిన బాట ఉన్నది గనుకనే మాబోటి వారికి ధైర్యం కలిగింది. మేము చరిత్ర పండితులం కాము. మెట్రిక్యులేషన్‌తో చదువు చాలించి రైల్వే గుమాస్తా పనిలో కుదిరినవాళ్ళం. డ్యూటీ లేని ఆదివారాల్లో నల్లంపల్లి చుట్టుప్రక్కల, అదియమాన్‌కోట్టై, తొప్పూరు, పాలక్కోడు వైపుల తెలుగు ఇళ్ళకు వెళ్ళి పాత ఆటపలకలు చూడటం, ఇచ్చినవాటిని భద్రం చేయటం, ఇవ్వనివాటిని కాగితంమీద గీసుకోవటం కొన్నేళ్ళుగా మాకు అలవాటయింది.

మూటలో లేని సామాను

మన తెలుగు కుటుంబాలు ధర్మపురి, కృష్ణగిరి, సేలం సీమలకు ఒక్కసారిగా వచ్చినవి కావు. విజయనగర రాజుల కాలంలో కొందరు, నాయక రాజుల కాలంలో మరికొందరు, తరువాత సేద్యానికీ వ్యాపారానికీ ఉద్యోగానికీ ఇంకొందరు వచ్చారు. బండిమీద వచ్చినవారు బిందెలు, తిరగలి, దేవుడి పటం తెచ్చుకొని ఉంటారు. పులి–మేక పలకను మాత్రం మోసుకురావలసిన పని లేదు. బొగ్గుముక్కో సుద్దముక్కో ఉంటే నేలంతా పలకే. పావులకు చింతగింజలు, గులకరాళ్ళు చాలు. ఆట మనిషి తలలో కూర్చుని, టిక్కెట్టు లేకుండానే ప్రయాణం చేసింది.

మన సీమలో తెలుగు, తమిళ, కన్నడాలు మూడూ కలుస్తాయి. ఒకే ఆటను ఒకే వీధిలో మూడు పేర్లతో పిలవటం ఇక్కడ వినవచ్చు. మన పులి–మేక తమిళులకు ఆడుపులి ఆట్టం, కన్నడిగులకు ఆడు–హులి. మన వామనగుంటలు వారికి పల్లాంగుళి, వీరికి అళగుళిమణె. మన అష్టాచెమ్మా అక్కడ తాయం, ఇక్కడ చౌకాబార. ఎవరు ఎవరి వద్ద నేర్చుకున్నారని తగవు పడటం కంటే, ముగ్గురమూ ఒకే అరుగుమీద కూర్చున్నామని తెలుసుకోవటం మేలు.

ఆటలలో రెండు జాతులున్నాయి. అష్టాచెమ్మా, పచ్చీసు, వైకుంఠపాళి గవ్వ పడిన దాన్నిబట్టి నడుస్తాయి. అక్కడ అదృష్టానికి పాలు ఉన్నది. పులి–మేక, దాడి, వామనగుంటలు, చదరంగం మాత్రం కేవలం ఎత్తుమీద నడుస్తాయి. ఓడితే గవ్వమీద నెపం వేయటానికి వీలులేదు. ఈ వ్యాసం ముఖ్యంగా ఈ రెండో జాతి ఆటల గురించి.

మూడు పులులు, పదిహేను మేకలు

తెలియని పిల్లల కోసం పులి–మేక పలకను వివరిస్తాము. పైన ఒక కొన. ఆ కొన నుండి క్రిందికి నాలుగు గీతలు విప్పారుతాయి. వాటిని మూడు అడ్డగీతలు కోస్తాయి. ఆ అడ్డగీతల చివరలను కుడి ఎడమల నిలువు గీతలతో కలుపుతారు. అడుగున ఇంకొక గీత గీసి నాలుగు కాళ్ళనూ ముగిస్తారు. గీతలు కలిసే చోట్లు లెక్కపెడితే, కొన ఒకటి, మూడు అడ్డగీతలమీద ఆరేసి చొప్పున పద్దెనిమిది, అడుగున నాలుగు, వెరసి 23.

పులులు 3, మేకలు 15. మేకలను ఒక్కొక్కటిగా పెడుతూ పోవాలి. పదిహేనూ పలకమీదికి వచ్చేదాకా పెట్టిన మేకను కదపరాదు. పులి మాత్రం తన వంతు వచ్చినప్పుడల్లా కదులుతుంది. ప్రక్కనున్న మేకకు ఆవలి చోటు ఖాళీగా ఉంటే దానిమీదుగా దూకి చంపుతుంది. మేక దేనినీ చంపలేదు. కాని ఒక మేక వెనుక ఇంకొక మేక నిలిస్తే పులికి దూకే చోటు ఉండదు. మూడు పులులకూ కదిలే దారి లేకుండా చేస్తే మేకలదే గెలుపు.

చదరంగంలో రెండు సేనలూ సమానం. ఇక్కడ బలమూ సమానం కాదు, సంఖ్యా సమానం కాదు. బలవంతులు ముగ్గురే, బలహీనులు పదిహేనుమంది. ఒంటరి మేక పులికి ఆహారం. కట్టుగా నిలిచిన మేకలు పులికి బోను. ఏ పాఠ్యపుస్తకమూ లేకుండా పల్లెలో పిల్లవాడికి ఈ సంగతి గీతలమీదనే బోధపడేది.

ధర్మపురి సీమలో నడుకల్ అనబడే వీరగల్లులు చాలా ఉన్నాయి. మందలను తోలుకుపోయేవారితో పోరాడి చనిపోయిన వీరుల పేర నిలిపిన రాళ్ళు వాటిలో అనేకం. పులితో పోరాడి చనిపోయినవారికి నిలిపిన రాళ్ళు కూడా తమిళదేశంలో ఉన్నాయి. ఆట ఇక్కడే పుట్టిందని మేము అనటం లేదు. మందే ఆస్తిగా బ్రతికిన ఊళ్ళలో పులి, మేక అనే మాటలు వట్టి పావుల పేర్లు కావని మాత్రం ఆ రాళ్ళను చూస్తే తెలుస్తుంది.

ఈ జాతి ఆట మనకొక్కరికే లేదు. నేపాళంలో బాఘ్‌చాల్ అనే ఆటలో 25 చోట్ల పలకమీద నాలుగు పులులు, ఇరవై మేకలు ఉంటాయి. ఐరోపాలో పులి లేదు గనుక నక్క–బాతుల ఆట ఆడారు. ఒక నక్కకు పదమూడు బాతులు. దేశాన్నిబట్టి జంతువు మారింది గాని, కలిసి నిలవటమే బలహీనుడి ఆయుధమన్న సూత్రం మారలేదు.

దాడి, గుంటలు, చదరంగం

దాడి ఆటకు ఒకదానిలో ఒకటిగా మూడు చదరాలు గీసి, వాటి భుజాల నడిమి చోట్లను గీతలతో కలుపుతారు. 24 చోట్లు, ఇద్దరికీ తొమ్మిదేసి పావులు. మూడు పావులు ఒక వరుసలో నిలిస్తే "దాడి"; ఎదుటివాని పావు ఒకటి తీసివేయవచ్చు. ఇంగ్లండులో ఇదే ఆటను తొమ్మిది పావుల ఆటగా ఎరుగుదురు. అక్కడి పెద్ద చర్చీల రాతి బల్లలమీద దీని గీతలు చెక్కి ఉన్నాయి. షేక్‌స్పియరు తన నాటకమొకదానిలో దీని ప్రస్తావన చేశాడు.

మన వైపు చూస్తే హంపీ మండపాల నేలమీద చెక్కిన ఆటపలకలు నేటికీ కనిపిస్తాయి. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మండపం కట్టిన సంవత్సరమే పలక చెక్కిన సంవత్సరం కానక్కరలేదు. కట్టిన శిల్పి చెక్కి ఉండవచ్చు, విజయనగరం 1565లో పడిపోయిన తరువాత అక్కడ మేకలు కాచుకున్న కుర్రవాడు చెక్కి ఉండవచ్చు. రాయి వయస్సు వేరు, గీత వయస్సు వేరు. పాత పలకలు సేకరించేవారు మొదట నేర్చుకోవలసిన పాఠం ఇదే.

వామనగుంటలు రెండు వరుసలు, వరుసకు ఏడు గుంటలు. గింజలను గుంటకొకటి చొప్పున పంచుతూ పోవటం, లెక్క తప్పకుండా ముందుచూపుతో ఏ గుంట ఎత్తాలో నిశ్చయించటం ఇందులోని నేర్పు. ఇటువంటి గుంటల ఆటలు ఆఫ్రికా ఖండమంతటా ఉన్నాయి. మలయాలో చొంగ్‌కాక్, ఫిలిప్పీన్సులో సుంగ్కా అంటారు. సింహళంలో ఒలింద కెళియ అనే ఆట కలదు. ఒలింద అంటే మన గురివింద గింజ. సింహళీయులు తమ సంవత్సరాది పండుగలో దీనిని ఆడతారు. కొత్త సంవత్సరం నాడు గుంటల ఆట ఆడే జనం మన పొరుగునే ఉన్నారన్నమాట.

చదరంగం జన్మభూమి భారతదేశమేనని హెచ్. జె. ఆర్. మర్రే అనే ఆంగ్ల పండితుడు 1913లో ప్రకటించిన పెద్ద గ్రంథంలో వాదించాడు. ఇక్కడి చతురంగం పారశీకానికి వెళ్ళి షత్రంజ్ అయి, అక్కడ నుండి పడమటికి సాగింది. 7వ శతాబ్దంలో బాణభట్టు వ్రాసిన హర్షచరిత్రలో దీని ప్రస్తావన ఉన్నది. శ్రీకృష్ణదేవరాయల ఆస్థానంలో బొడ్డుచర్ల తిమ్మన చదరంగంలో సాటిలేనివాడై, రాయలచేత కొప్పోలు గ్రామం పొందాడని మన చాటు సంప్రదాయం చెబుతుంది. ఒక ఆటగానికి ఊరు ఇచ్చారన్న కథను తెలుగువారు శతాబ్దాలపాటు చెప్పుకున్నారంటే, ఆ ఆటపట్ల వారికున్న గౌరవం తెలుస్తూనే ఉన్నది.

ఇంకొక ముచ్చట. 1828లో మద్రాసువారికీ హైదరాబాదువారికీ ఉత్తరాలమీద చదరంగం పోటీ జరిగింది. మద్రాసు పక్షాన గులాం కాసిం అనే మేటి ఆటగాడు పాల్గొన్నాడు, మద్రాసే గెలిచింది. అప్పటికి దక్షిణదేశంలో రైలు లేదు. రాయపురం నుండి ఆర్కాటు వైపు మొదటి బండి నడిచింది 1856లో. ఒక్కొక్క ఎత్తుకూ తపాలా మనిషి నడకకోసం కాచుకొని ఆడారంటే వారి ఓర్పు ఎంతటిదో గదా!

పెద్ద సేకర్తలు, చిన్న సేకర్తలు

ఆటలను పోగుచేయటంలో దక్షిణదేశంలో అగ్రగణ్యుడు మైసూరు రాజు ముమ్మడి కృష్ణరాజ ఒడయరు (1794–1868). టిప్పు పతనానంతరం 1799లో అయిదేళ్ళ వయస్సులో గద్దె ఎక్కాడు. 1831లో ఇంగ్లీషువారు రాజ్యపాలన తమ చేతిలోకి తీసుకున్నారు. అధికారం పోయిన రాజు విద్యలమీద, కళలమీద మనస్సు పెట్టాడు. ఆయన చేయించిన శ్రీతత్త్వనిధిలో కౌతుకనిధి అనే భాగం ఆటలకే కేటాయించబడింది. చదరంగంలో గుర్రం ప్రతి గడినీ ఒక్కసారే త్రొక్కుతూ పలకంతా తిరిగే చిక్కులెక్కలంటే ఆయనకు మహా ఇష్టం. మైసూరు జగన్మోహన ప్యాలెస్ గోడలమీద ఆయన ఆటల చిత్రాలు ఉన్నాయి. రాజ్యం చేజారినా ఆటలలో మిగిలిన పేరు నిలిచింది.

తెలుగుదేశపు పనితనానికీ సేకర్తల లోకంలో పేరున్నది. విశాఖపట్నం పనివారు 18, 19 శతాబ్దాలలో దంతమూ కొమ్మూ చందనమూ పొదిగి చేసిన పెట్టెలు, మడిచే ఆటపలకలు, చదరంగపు పావులు సీమకు విశేషంగా ఎగుమతి అయ్యాయి. విశాఖ దంతపు పని లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నది. హైదరాబాదులో 1951లో తెరిచిన సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ దంతపు చదరంగపు పావులు చూడవచ్చు.

ఇవి ధనవంతుల వస్తువులు. వీటికి గాజుబీరువా, కావలి, పట్టిక ఉన్నాయి. మన ఇళ్ళలోని పనసకర్ర గుంటలపలకకూ, అరుగుమీది దాడి గీతలకూ ఆ భాగ్యం లేదు. అరుగు పగలగొట్టి టైల్సు వేయించిననాడు గీతలు పోతాయి. గుంటలపలక పాతసామానువాడి బండి ఎక్కి, పట్నంలో అలంకరణ వస్తువుగా గోడకు వ్రేలాడుతుంది. అయినా మా దిగులు కర్రకోసం కాదు.

పలక మిగిలి ఆట పోతే

ఇరాక్‌లోని ఊర్ అనే ప్రాచీన నగరంలో లెనార్డ్ వూలీ 1920లలో జరిపిన త్రవ్వకాల్లో సుమారు 4,500 సంవత్సరాల నాటి ఇరవై గళ్ళ ఆటపలకలు దొరికాయి. లండను బ్రిటిష్ మ్యూజియంలో వాటిలో ఒకటి చూడవచ్చు. పలక ఎంత అందంగా ఉన్నా, దానిమీద ఎలా ఆడాలో చెప్పేవారు లేరు. తరువాత ఆ మ్యూజియం పండితుడు ఇర్వింగ్ ఫింకెల్ క్రీ.పూ. 177 నాటి ఒక బాబిలోనియా మట్టిపలకమీది వ్రాత చదివి నియమాలు కొంతవరకు పట్టుకున్నాడు. ఆ కుటుంబానికే చెందిన ఇరవై గళ్ళ ఆట ఒకటి మన కేరళలో కొచ్చిన్ యూదుల ఇళ్ళలో ఇటీవలిదాకా బ్రతికి ఉన్నదనీ ఆయనకు తెలిసింది. 1950లలో ఆ కుటుంబాలు చాలావరకు ఇజ్రాయెల్ వెళ్ళిపోయాయి. చిన్నతనంలో కొచ్చిన్‌లో ఆడిన ఆటను ఒక వృద్ధురాలు అక్కడ జ్ఞాపకం ఉంచుకొని చెప్పింది.

వలస కుటుంబాలమైన మనం ఈ కథను రెండుసార్లు చదువుకోవాలి. రాజసమాధిలోని పలక చెప్పలేని సంగతిని ఊరు విడిచివెళ్ళిన ఒక ముసలమ్మ చెప్పింది.

మన ధర్మపురికి 1906లో మొరప్పూరు నుండి చిన్న రైలు వచ్చింది. 1913లో హోసూరు దాకా పొడిగించారు. 1941లో మూసివేశారు. పట్టాలు తీసిన కట్టను చూచి ఇక్కడ రైలు నడిచిందని ఎవరైనా చెప్పగలరు. ఏ బండి ఎన్ని గంటలకు వచ్చేదో కట్ట చెప్పదు. దానికి టైంటేబుల్ కావాలి. ఆటపలక కట్ట వంటిది. నియమాలు టైంటేబుల్ వంటివి. కట్టలను దాచుకొని టైంటేబుల్ పారేసుకుంటున్నాము.

నల్లంపల్లి దాపున ఒక ఇంట్లో ఎనభై దాటిన అవ్వ ఒకరు ఉన్నారు. చూపు దాదాపు పోయింది. వారింట నల్లబడిన గుంటలపలక ఉన్నదని విని వెళ్ళి, కొనుక్కుంటామని అడిగాము. ఆమె పలకను ఒళ్ళో పెట్టుకొని, "ఏమప్పా, మీకు కట్టె కావాల్నా, ఆట కావాల్నా?" అన్నారు. రెండూ కావాలన్నాము. "కట్టె ఈడనే ఉండనీ. ఆట తీసుకపోండి," అన్నారు.

రెండు గంటలసేపు ఆడి చూపించారు. గింజలను వ్రేళ్ళతోనే తడిమి లెక్కపెట్టారు. చేతిలోవి అయిపోగానే తరువాతి గుంటలోవి తీసి మళ్ళీ పంచాలి. తరువాతి గుంట ఖాళీగా ఉంటే దానిని వ్రేలితో తుడిచి, ఆవలి గుంటలోవి గెలుచుకోవాలి. గుంటలో నాలుగు గింజలు చేరితే "ఆవు". ఆ గుంట ఎవరిదో వారు తీసుకోవాలి. తమిళులు దీనినే పసు అంటారు. మనుమలు ప్రక్కన కూర్చుని వింటూ, "అవ్వకు ఇంత లెక్క వచ్చా!" అని తమలో తాము తమిళంలో అనుకున్నారు. ఆ పలక వారి ఇంట్లోనే ఉన్నది. మా నోటుబుక్కులో మూడు పుటలు నిండాయి. మా సేకరణలో అన్నింటికంటె విలువైనవి ఆ మూడు పుటలే అని మా నమ్మకం.

సేకరించదలచినవారికి

ఈ పనికి డబ్బు అంతగా అక్కరలేదు. మా అనుభవంలో తేలిన కొన్ని సంగతులు ఇక్కడ వ్రాస్తున్నాము.

ఆట పేరు ఇంట్లో ఏమని పిలిచేవారో ఆ మాటనే వ్రాసుకోవాలి. పుస్తకంలోని పేరుతో దిద్దరాదు. పావులెన్ని, మొదటి ఎత్తు ఎవరిది, చేయరానిదేమిటి, ఆట ఎప్పుడు ముగిసినట్లు అనే నాలుగు ప్రశ్నలు తప్పక అడగాలి. పులి–మేకలో ఎన్ని మేకలు చస్తే ఆట పోయినట్లో ఇంటింటికీ తేడా ఉన్నది. అందులో ఏది సరి అని తీర్పు చెప్పక, ఏ ఇంటిది ఆ ఇంటి పేర వ్రాయాలి. నోటితో చెప్పించుకొని ఊరుకోక, ఇద్దరు పెద్దలచేత ఒక ఆట పూర్తిగా ఆడించి చూడాలి. చెప్పేటప్పుడు మరచిన నియమం ఆడేటప్పుడు చేతికి గుర్తుకు వస్తుంది.

పాతది, పాతదిగా చేసినది తేడా తెలుసుకోవాలి. చేయి తగిలే అంచులు, గుంటల అడుగులు అరిగి నునుపెక్కి ఉంటే వాడిన పలక. అంతటా ఒకే నలుపు పూసి ఉంటే అనుమానించాలి. పాత కర్రకు కొత్త పాలిష్ పెట్టరాదు.

చట్టం కూడా ఎరిగి ఉండాలి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళావస్తువులను ప్రైవేటువారు విదేశాలకు పంపరాదు. విదేశాల్లోని బంధువులకు కానుకగా పంపబోయేవారు ఇది గమనించాలి. దంతపు వ్యాపారం నిషిద్ధం గనుక దంతపు పావులు కొనటం, అమ్మటం మానాలి. గుడిలోని రాతిపలకను పెకలించటం నేరమే గాక పాపం కూడా; కాగితం పరచి గీసుకొంటే చాలు.

చివరిగా సంఘ సభ్యులకు ఒక విన్నపం. ఈ ఉగాదినాడు వాకిట ముగ్గు వేసేటప్పుడు, ప్రక్కన అదే పిండితో ఒక పులి–మేక పలకో దాడి పలకో గీయండి. ఇంట్లోని అవ్వనో తాతనో కూర్చోబెట్టి పిల్లలచేత ఒక ఆట ఆడించండి. మరునాడు ఆ నియమాలు ఒక కాగితంమీద వ్రాసి, మీ పూర్వుల ఊరు పేరు తెలిస్తే అదీ చేర్చి, సంఘం కార్యాలయంలో ఇవ్వండి. పిల్లలు బడిలో తమిళం చదువుతున్నారు, చదవవలసినదే. కాని "దాడి" అని గెలిచి అరిచే ఆ ఒక్క మాట వారి నోట తెలుగులో పలికితే, ఈ నాలుగు పుటలు వ్యర్థం కాలేదని సంతోషిస్తాము.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.